దొడ్డమ్మకి రుజువేదీ?

తెలివితేటలు ఊరందరికీ తలో కాస్తా పంచి, మిగిలిన గంపంతా దేవుడు తమ గుమ్మంలోనే దించిపోయాడని కొమరలంకలో ముగ్గురన్నదమ్ములు చెప్పుకునేవారు. పెద్దవాడు నూకరాజు, నడిమివాడు పండుదొర, చిన్నవాడు సూరిబాబు. ఎవరేం చెబితే అది అచ్చంగా అలాగే చెయ్యడమే తెలివంటే అని వాళ్ళ నమ్మకం. చెప్పినదానికి సొంత బుర్ర కలిపేవాళ్ళని చూస్తే వాళ్ళకి జాలి. వాళ్ళని చూస్తే ఊరికి జాలి. ఇలా ఒకళ్ళ మీద ఒకళ్ళు జాలిపడుతూ అందరూ హాయిగానే ఉండేవారు.

వాళ్ళని పెంచింది తల్లికి అక్కగారు, పల్లాలమ్మ. దొడ్డమ్మా అని పిలిచేవారు. తల్లి పోయాక ముగ్గుర్నీ ఒళ్ళో వేసుకుని, కొబ్బరిపీచు తాళ్ళు పేని పెద్దచేసిన మనిషి. పేనింది ఆవిడ. తాళ్ళు కొనే సొసైటీలో పేరు మాత్రం ఎప్పుడో పోయిన మొగుడిది. ఇప్పుడు సొసైటీ కొత్త రూలు పెట్టింది. తాడు పేనినవాళ్ళ పేరునే బ్యాంకులో సేవింగ్స్ ఖాతా ఉండాలట. రేపు సాయంత్రంలోగా పాస్‌బుక్కు చూపించకపోతే ఆ ఇంటి తాళ్ళు ఇక కొనరట.

"ఇంత వయసొచ్చింది, నా పేరున గిన్నె కూడా లేదురా. గిన్నెల మీదా మీ పెదనాన్న పేరే కొట్టించారు. ఒక్క పుస్తకం మీదన్నా నా పేరు చూసుకోవాలనుందిరా" అంది దొడ్డమ్మ.

ముగ్గురికీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మేం లేమా దొడ్డమ్మా! మాకున్న బుర్రకి బ్యాంకో లెక్కా?" అన్నాడు నూకరాజు. అంతే, నలుగురూ కాలవ దాటి బ్యాంకుకి వెళ్ళారు.

కొత్త ఖాతాల బల్ల దగ్గర ప్రసూన గారని ఒకావిడ ఉంది. నెమ్మదైన మనిషి, అప్పటికి.

"ఖాతా కావాలండి, మా దొడ్డమ్మకి."

"గుర్తింపు ఏముంది?"

"మాకు బాగా గుర్తేనండి. చిన్నప్పట్నించీ చూత్తన్నాం" అన్నాడు పండుదొర.

"మీరు చెబితే చాలదండీ. ఈవిడ ఈవిడేనని రుజువుండాలి. ఆధార్ కార్డు, రెండు ఫోటోలు తెండి. పాన్ కార్డు లేకపోతే దానికి వేరే ఫారం ఉంది. ఆధార్‌లో పాత ఊరి చిరునామా ఉంటే, ఇప్పుడుంటున్న ఇంటి నెంబరు కనబడేది ఏదైనా ఒకటి పట్టుకురండి."

ఇంటికొచ్చి వెతికారు. ఇంటి నెంబరు కనబడేది ఏదీ? ఎదురుగా వీధితలుపు మీద, తెల్ల రంగుతో, ఇంతింత అంకెలు! ఇంకేముంది, మడతబందులు ఊడబీకి తలుపు దించారు. దించాక భయం పట్టుకుంది. తలుపు లేని ఇల్లు ఎలా వదిలిపెట్టడం?

"దొడ్డమ్మా, నువ్వు గుమ్మంలో అడ్డంగా నిలబడు. ఎవరైనా తోస్తే తెరుచుకోకు" అన్నాడు నూకరాజు.

"అలాగేరా, మీరు జాగర్తగా వెళ్ళిరండి" అంది దొడ్డమ్మ, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి.

తలుపు నెత్తిన పెట్టుకుని అన్నదమ్ములు బ్యాంకుకి వచ్చారు. ఆ తలుపు బ్యాంకు తలుపులోంచి పట్టలేదు. సూరిబాబు లోపలికి వెళ్ళి మర్యాదగా అడిగాడు. "మేడమ్ గారూ, మీ తలుపు కూడా ఓసారి ఊడదీస్తే మా తలుపు లోపలికి తెచ్చేత్తాం."

ప్రసూన గారు బయటికొచ్చి చూసింది. "కాగితం మీద ఉండాలయ్యా నెంబరు! కరెంటు బిల్లు తెండి. ఆవిడ భర్త పేరునున్నా ఫరవాలేదు. ఇంతకీ ఆవిడేదీ?"

"ఇంటిదగ్గర తలుపుగా ఉందండి" అన్నాడు పండుదొర.

ప్రసూన గారు నుదురు రుద్దుకుంది. వాళ్ళ చేతిలోని ఆధార్ కార్డు తీసి చూసి, "ఈ ఫోటో ఎప్పటిదో! మనిషి స్వయంగా రావాలి. ఫోటోకీ మనిషికీ పోలిక సరిపోవాలి. అప్పుడే ఖాతా" అని చెప్పింది.

అన్నదమ్ములు ఇంటికి పరిగెత్తి, దొడ్డమ్మని తప్పించి, తలుపుని యథాస్థానంలో పెట్టారు. తరవాత కార్డు తీసి ఫోటో చూశారు. ఆ ఫోటో తీసిననాడు దొడ్డమ్మ లైటు చూసి హడలిపోయింది. ఒక కన్ను మూసుకుంది, ఒక కన్ను గుడ్లగూబలా తెరుచుకుంది, నోరు ఆవలిస్తున్నట్టుంది. పోలిక ఎక్కడుంది?

"దొడ్డమ్మా, ఓ కన్ను మూసెయ్. అదికాదు, ఎడంది. నోరు ఇంకాస్త తెరువు. ఆఁ, అలా పట్టుకో!"

కరెంటు బిల్లు కూడా పట్టుకుని, అదే అవతారంతో ఆవిడని ఊళ్ళోంచి నడిపించుకొచ్చారు. దారిలో ఈగ ఒకటి నోట్లోకి వెళ్ళి, చుట్టూ చూసి, తన దారిన తను బయటికొచ్చింది. దొడ్డమ్మ నోరు మూస్తే ఒట్టు. పిల్లలు నా కోసం ఇంత పాటుపడుతుంటే నేనీమాత్రం ఓర్చుకోలేనా అనుకుంది, పిచ్చితల్లి.

బ్యాంకులో ఆవిడని చూడగానే ప్రసూన గారు కుర్చీలోంచి లేచిపోయింది. "అయ్యో, ఈవిడకేదో అయింది! నీళ్ళు! ఎవరైనా డాక్టర్ని పిలవండి! అమ్మా, మీ పేరేంటమ్మా?"

"ఆ… ఆ…" అంది దొడ్డమ్మ.

"ఫోటోలో మాటాడ్డం లేదు కదండీ, అందుకని" అన్నాడు నూకరాజు.

విషయం అర్థమయ్యాక ప్రసూన గారు ఆ నీళ్ళు తనే తాగింది. "అమ్మా, నోరు ముయ్యండి. రెండు కళ్ళూ తెరవండి. నేను చూసుకుంటాను" అని, కార్డూ కరెంటు బిల్లూ తీసుకుని, ఫారాలు తనే నింపి, కలం దొడ్డమ్మ చేతికిచ్చింది.

ఈ సంతకం కోసం దొడ్డమ్మ ఎన్నాళ్ళో పలక మీద దిద్దింది. తన పేరు, తన చేత్తో! సగం రాసేసరికి ఆనందమో, ఫ్యాను గాలో, గట్టిగా తుమ్మొచ్చింది. చివరి అక్షరం కాగితం అంచు దాకా జారిపోయింది.

"ఫరవాలేదమ్మా, బాగానే ఉంది. ఇకనించీ ఎక్కడ పెట్టినా సంతకం ఇలాగే ఉండాలి, మారకూడదు. ఇంకో నాలుగుచోట్ల పెట్టండి."

అంతే, సూరిబాబు రోడ్డు మీదికి ఉరికి నశ్యం పొట్లం కొనుక్కొచ్చాడు. ప్రతి సంతకానికీ దొడ్డమ్మ సగం పేరు రాయడం, సూరిబాబు ముక్కు దగ్గర నశ్యం పెట్టడం, హాచ్చి! ఆ నశ్యం గాలికి పక్క బల్ల దగ్గరివాళ్ళు కూడా తుమ్మారు. బ్యాంకు బ్యాంకంతా తుమ్మింది. తుమ్ములతో కన్నీళ్ళు కారుతుంటే ప్రసూన గారు ముద్ర కొట్టి, "అయిపోయింది. ఖాతా మీ పేరున తెరిచానమ్మా. పాస్‌బుక్కు రేపు పొద్దున్నే ఇస్తాను. అలసిపోయారు, కాసేపు ఆ బెంచీ మీద కూర్చోండి" అంది.

దొడ్డమ్మ కూర్చుంది.

"ఏవయ్యా, మీరు ఈ ఒరిజినల్స్ భద్రంగా ఇంటికి తీసుకెళ్ళండి. ఇవి పోతే ఈవిడ ఎవరో చెప్పే నాథుడుండడు" అంది ప్రసూన గారు అన్నదమ్ములతో.

ఇంకేముంది! నూకరాజు ఆధార్ కార్డుని రొమ్ముకి హత్తుకున్నాడు. పండుదొర కరెంటు బిల్లుని రెండు చేతులా పట్టుకున్నాడు. సూరిబాబు ముందు నడుస్తూ, దారినపోయే కుక్కల్ని కూడా దూరంగా అదిలించాడు. ఇంటికొచ్చి అన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి తాళంకప్ప నొక్కేశారు. తమ కార్డులు కూడా అందులోనే ఉన్నాయి కదా అని తృప్తిపడ్డారు. కూడు పెట్టమని పిలిస్తే ఎవరూ పలకలేదు. అప్పుడు గుర్తొచ్చింది దొడ్డమ్మ.

ముగ్గురూ ఏడుస్తూ బ్యాంకుకి పరిగెత్తారు. అప్పటికి బ్యాంకు మూసేశారు. దొడ్డమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన కాపలావాడు గంగరాజు విసుక్కుంటూ నిలబడ్డాడు.

"వచ్చారా! ఇదిగో మీ దొడ్డమ్మ, తీసుకెళ్ళండి."

సూరిబాబు ముందుకి ఉరకబోయాడు. నూకరాజు చొక్కా పట్టుకుని ఆపాడు. "ఆగరా! ఈవిడే దొడ్డమ్మని రుజువేదీ? మొహం చూసి పోల్చుకుంటే చాలేదైతే, అంత చదువుకున్న మేడమ్ గారు పొద్దుటే పోల్చుకునేది కదా?"

దొడ్డమ్మకి ఆ మాట ఎంతో నచ్చింది. "నిజం బాబూ. కనబడ్డవాళ్ళనల్లా ఇంటికి తీసుకుపోకూడదు. కార్డు పట్టుకొచ్చి చూసుకోండి."

"కార్డు పెట్టెలో ఉందండి. పెట్టె తాళంచెవి మా దొడ్డమ్మ మొలలో ఉంటదండి" అన్నాడు పండుదొర.

"తాళంచెవి నా మొలలోనే ఉంది. కానీ అది మా పిల్లల పెట్టెది బాబూ. మీరే మా పిల్లలని రుజువేదీ?"

ముగ్గురూ జేబులు తడుముకున్నారు. వాళ్ళ కార్డులూ పెట్టెలోనే ఉన్నాయి. గంగరాజు తల పట్టుకుని, "మీకో దణ్ణం బాబూ" అని టీకొట్టుకి వెళ్ళిపోయాడు.

చేసేదేముంది? పొద్దున్నే మేడమ్ గారు వచ్చి ఎవరెవరో తేలుస్తారు కదా అని, అన్నదమ్ములు ముగ్గురూ మెట్ల మీద ఆ చివర కూర్చున్నారు. దొడ్డమ్మ ఈ చివర ఉంది. కాసేపటికి వాళ్ళ మొహాలు చూసి ఆవిడ మనసు కరిగిపోయింది. కొంగున కట్టుకున్న అటుకుల ముద్దలు తీసి తలా ఒకటి చేతిలో పెట్టింది. "ఎవరు కన్న బిడ్డలో, ఆకలి మీదున్నారు. తినండి బాబూ. మావాళ్ళు వస్తే ఇంకొంచెం చేసుకుంటాం."

వాళ్ళు ఆవురావురుమని తిన్నారు. సూరిబాబు కళ్ళు తుడుచుకుని అన్నల చెవిలో అన్నాడు. "ఎవరో గానీ మహాతల్లిరా! దొడ్డమ్మ దొరక్కపోతే, పొద్దున్నే మేడమ్ గారినడిగి ఈవిడని దొడ్డమ్మ పేరున రాయించుకుని ఇంటికి తీసుకుపోదాం."