నక్క నడుముకు కట్టిన గాలిసంచి

ఏ ఊరని అడక్కండి గానీ, ఒక గానుగ దొడ్డిలో బసవయ్య అనే ముసలి ఎద్దు ఉండేవాడు. కళ్ళకు గంతలతో గానుగ చుట్టూ తిరుగుతూ, "ఎలాగూ తిరుగుతున్నాను, ప్రదక్షిణమనుకుంటే పుణ్యమైనా వస్తుంది" అని శివనామం చెప్పుకునేవాడు. ఆయన దిగులల్లా పక్కన ఉన్న కోడిపిల్లల గురించే. చలికి పిడకల నెగడు పెడితే పొగకు దగ్గు, ఆర్పితే వణుకు. అప్పటికే ఒక పిల్ల కళ్ళు తెరవడం లేదు.

అదను చూసి నక్క ఒక చక్రం, నీళ్ళ తొట్టి, గాదెలంతేసి సంచులు రెండు ఈడ్చుకొచ్చింది.

"మావా, ఈ చక్రం తిప్పితే కరెంటు పుడుతుంది. అది నీళ్ళను విడగొడుతుంది. హైడ్రోజన్ అనే గాలి వచ్చి సంచిలో చేరుతుంది. వెలిగిస్తే వెచ్చన. పొగ లేదు, మసి లేదు, మిగిలేది నీటి ఆవిరే."

"పొగే ఉండదా?" అంది తల్లికోడి చుక్కమ్మ.

"నా తోక మీద ఒట్టు అక్కా! ఒకసారి నిండిందా, ఇక మావ నడవక్కర్లేదు. సంచే చక్రం తిప్పుతుంది, చక్రం సంచి నింపుతుంది. బలమంతా సంచిదే. అలా తనంతట తాను నిండిన రోజున మీ గుడ్లగంప నాకిచ్చెయ్యండి."

బసవయ్య చక్రం తిప్పాడు. సంచి ఉబ్బి పైకి లేస్తుంటే రోలుకు కట్టేశారు. వెలిగిస్తే నిజంగానే పొగ లేదు. మంట మీద బోర్లించిన మూకుడుకు నీటి బొట్లు పట్టాయి. మూసుకున్న కళ్ళు తెరిచి ఆ పిల్ల వాటిని తాగింది.

మర్నాడు నక్క మాట విని బసవయ్య నడవలేదు. సంచి వాడిపోయింది.

"మీకు నమ్మకం చాల్లేదు" అంది నక్క. కోళ్ళు సంచికి బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇవ్వబోతే, సంచి అంటుకుంటుందని చుక్కమ్మ దడుచుకుని ఆపింది. సంచి ఇంకా వాడింది. పిల్లలు మళ్ళీ వణికాయి.

బసవయ్య గంతలు విప్పి చూశాడు. తను నడిస్తే ఉబ్బుతోంది, నిలబడితే తగ్గుతోంది. 'లోపలున్నది నా నడకేనన్నమాట! అందులోనూ కొంత దారిలో జారిపోగా మిగిలిందే తిరిగొస్తోంది.' నక్క లేనప్పుడు నడిచి సంచి నిండుగా నింపి, తాడు రోలు నుంచి విప్పి తన కాలి కింద తొక్కిపట్టి నిలబడ్డాడు.

నక్క వచ్చి ఎగిరి గంతేసింది. "చూశారా, దానంతటదే నిండింది! తేండి గుడ్లు!"

"సంచి కూడా నువ్వే పట్టుకుపో అల్లుడూ. గంపకు రెండు చేతులూ కావాలిగా, దీన్ని నడుముకు కట్టుకో."

నక్క గబగబా ముడేసుకుంది. "ఊఁ, తాడు మీద కాలు తియ్యి!"

"తియ్యమంటావా?"

"తియ్యమంటున్నాగా మావా!"

బసవయ్య తీశాడు. గంప నేల మీదే ఉండిపోయింది. నక్క కప్పు దాటి, చింతచెట్టు దాటి, కాకులకు ఎదురెళ్ళింది.

"మావా, దించు!"

"బలమంతా సంచిదే అన్నావుగా అల్లుడూ! దాన్నే అడుగు."

చుక్కమ్మ తొట్టికి రెండో సంచి తగిలించింది. బసవయ్య ఈసారి కళ్ళు తెరిచే ప్రదక్షిణం మొదలుపెట్టాడు.

నీతి: సంచి మోసేది మనం పోసిన బలాన్నే, దానంతటదే నిండుతుందని చెప్పేవాడి చూపు మన గంప మీద ఉంటుంది.