పెంచలమ్మ దప్పిక

“అడిగితే బాగున్నానంటుంది. బాగాలేని రోజు వస్తే అది నాకెలా తెలుస్తుంది అయ్యగారూ?”

కోదండపాణి ఈ మాట అడిగినప్పుడు నిరంజనయ్య గారు సరుగుడు తోపులో రాలిన ఆకులు ఊడుస్తున్నారు. సముద్రం దగ్గరే అయినా ఆ తోపులోంచి కనిపించదు. చెట్ల మీది గాలి చప్పుడూ అలల చప్పుడూ కలిసిపోయి, ఏది ఏదో తెలియకుండా వినిపిస్తుంటాయి. ఆశ్రమం అని పేరే గాని అక్కడున్నవి రెండు పాకలు, ఒక బావి. ప్రశ్న అడిగినవాళ్లకు ఆయన వెంటనే జవాబు చెప్పరు. చేస్తున్న పని ముగించి, కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చి, “ఇప్పుడు మళ్లీ చెప్పు” అంటారు. రెండోసారి చెప్పేటప్పటికి చాలామంది ప్రశ్న మారిపోతుంది. కోదండపాణి ప్రశ్న మారలేదు.

అతనికి యాభై దాటాయి. గూడూరులో నిమ్మకాయల వ్యాపారం. ఊహ తెలియకముందే తల్లి పోతే, తల్లి చెల్లెలు పెంచలమ్మ అతన్ని పెంచింది. ఆమెకు పిల్లలు లేరు. భర్త పడవ నడిపేవాడు, పోయి చాలా కాలమైంది. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊళ్లో, ఆయన కట్టించిన పెంకుటింట్లో ఆమె ఒక్కతే ఉంటోంది. కోదండపాణి రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తాడు. మొదటి రింగుకే ఎత్తుతుంది. నెలకోసారి కారు వేసుకుని వెళ్తాడు. వంట చేసి, జడ వేసుకుని, ఉతికిన చీర కట్టుకుని సిద్ధంగా ఉంటుంది. తిని, కబుర్లు చెప్పుకుని, వెలుతురు ఉండగానే తిరిగొస్తాడు.

పోయినసారి పొరుగింటి మస్తానమ్మ కారు దగ్గరికొచ్చి, “మీ చిన్నమ్మ చిక్కిపోతా ఉండాది, చూసుకో అన్నా” అంది. అతను మళ్లీ లోపలికెళ్లి అడిగితే పెంచలమ్మ నవ్వేసింది. “ఈ వయసులో లావెక్కుతారంటరా?” అంది.

“ఒక మనిషిని పెడతానని లోగడ ఒకసారి అన్నాను అయ్యగారూ. ఆ తర్వాత చాలా రోజులు ఫోన్లో ‘ఆ, ఊ’ తప్ప మాట లేదు. తొందరపడితే ఆమె మనసు విరుగుతుంది. ఆలస్యం చేస్తే…” అని కోదండపాణి ఆపేశాడు.

నిరంజనయ్య గారు, “ఆ సరస్సుకు ఫ్లెమింగోలు వచ్చే కాలం కదా ఇది. నేనెప్పుడూ చూడలేదు. మీ చిన్నమ్మగారింట్లో దిగుదామా?” అన్నారు.

“తప్పకుండా. ఇప్పుడే ఫోన్ చేసి చెబుతాను.”

“చెప్పొద్దు. మన అన్నం మనమే పట్టుకుపోదాం.”

మర్నాడు వాళ్లు చేరేసరికి పొద్దెక్కింది గాని మంచు వదల్లేదు. నీళ్లెక్కడ అయిపోయాయో ఆకాశం ఎక్కడ మొదలైందో కనబడకుండా అంతా ఒకే తెలుపు. ఆ తెలుపు మధ్య ఎక్కడో లేత గులాబీ రంగు గీత ఒకటి ఉంది. అది కదిలినప్పుడు మాత్రమే పక్షులని తెలిసింది. ఒడ్డున బోర్లించిన పడవలు నిద్రపోతున్న గొడ్లలా ఉన్నాయి. ఊరు మేలుకుందో లేదో కూడా చెప్పలేం, మనుషుల మాటలు దుప్పటి కిందనుంచి వచ్చినట్టు వస్తున్నాయి.

పెంచలమ్మ వసారాలో స్తంభానికి చేరగిలబడి ఉంది. గడ్డం గుండెకు ఆనింది. కోదండపాణి చెప్పులు విడవకుండానే వసారా ఎక్కాడు. అంతలో ఆమె పెదవులు కదిలాయి. “లోతుకు పోనీబాక. నా కొంగు తడస్తా ఉండాది,” అంది కళ్లు మూసుకునే. ఏ పడవలో ఉందో, ఎవరితో అంటోందో. అతను భుజం తాకాడు. ఆమె కళ్లు తెరిచి, అతనూ ఆ పడవలోని మనిషే అన్నట్టు ఏ ఆశ్చర్యమూ లేకుండా చూసింది. అలా చూస్తూ చూస్తూ ఒడ్డుకు వచ్చింది.

“ఏందబ్బయా, చెప్పాపెట్టకుండా!” అని చప్పున లేచింది. స్తంభం పట్టుకుని లేచిన సంగతి అతను గమనించలేదు, అప్పటికే ఆమె గొంతు ఎప్పటి గొంతయిపోయింది. “సామిని తీసుకొచ్చేవాడివి ఒక మాట చెప్పొద్దా? రండి సామీ, కూర్చోండి. నిమిషంలో పొయ్యి వెలిగిస్తా.”

“అన్నం తెచ్చుకున్నామమ్మా. పక్షులను చూసిపోదామని వచ్చాం,” అన్నారు నిరంజనయ్య గారు.

ఆ పూటంతా ఆమె నవ్వుతూనే ఉంది. ఊరి సంగతులు చెప్పింది. వాళ్లు తెచ్చిన పులిహోరలో ఆవ ఎక్కువైందని వంక పెట్టింది. కోదండపాణికి మనసు తేలికపడింది. సాయంత్రం ఆయన పక్కన చేరి, “బాగానే ఉంది అయ్యగారూ. మస్తానమ్మ ఏదో అనుకుంది. ఇక బయల్దేరదామా?” అన్నాడు.

ఎదురుగా మంచు విడిపోయిన నీళ్ల మీద పక్షులు బారులు తీరి ఉన్నాయి. నిరంజనయ్య గారు వాటివైపే చూస్తూ, “ఇంకా సరిగ్గా కనబడలేదు నాయనా,” అన్నారు.

అందుకని ఉండిపోయారు.

మరుసటి రోజు పెంచలమ్మ దగ్గర నవ్వు అయిపోయింది. నిన్న ఒక్కరోజుకు ఆమె ఎన్నాళ్ల ఓపిక ఖర్చుపెట్టిందో అప్పుడు తెలిసింది. వసారాలో చాప మీద ఒరిగి, మాట్లాడుతూ మాట్లాడుతూ మగతలోకి జారిపోయేది. మాట సగం ఇక్కడ, సగం అక్కడ. “నిమ్మకాయలు ఎండలో పెట్టినావా?” అని అతన్ని అడిగి, జవాబు వినకుండానే ఇంకెవరినో పడవ ఆపమనేది. మధ్యాహ్నం ఎండకు ఇల్లంతా బంగారు రంగులో ఊగుతున్నట్టుండేది. నీళ్ల మీది వెలుతురు పైకప్పు వాసాలకు కొట్టి, అక్కడ చిన్న చిన్న అలలై కదిలేది. కోదండపాణికి చెయ్యడానికి పనేమీ లేదు. మార్కెట్ నుంచి ఫోన్లు రావడానికి ఆ పూట సిగ్నల్ కూడా సరిగ్గా లేదు. ఊరికే కూర్చున్నాడు. చిన్నమ్మ ఇంట్లో అతను అలా ఊరికే కూర్చుని ఎన్నేళ్లయిందో.

నిరంజనయ్య గారు మంచినీళ్లు అడిగారు. ఆమె పక్కనే ఉన్న చిన్న బిందెలోంచి ముంచి ఇచ్చింది.

“మీరూ తాగండమ్మా.”

“నాకు దప్పిక లేదు సామీ.”

కాసేపటికి మళ్లీ అడిగారు. మళ్లీ ముంచి ఇచ్చింది. మళ్లీ అదే మాట. ఆమె పెదవులు ఎండి తెల్లగా పగిలి ఉండటం కోదండపాణి అప్పుడు చూశాడు. బిందె వసారాలోకి ఎందుకొచ్చిందని అప్పుడు తోచింది. బిందె ఒక్కటే కాదు. స్టవ్వు ముందు గదిలో ఉంది. ఉప్పుడబ్బా, పప్పుడబ్బా, రెండు గిన్నెలు కిటికీ గూట్లో ఉన్నాయి. అలవాటు కొద్దీ అతను లేచి వెనక వంటగదిలోకి వెళ్లాడు. అక్కడ నేల మీద దుమ్ము పరుచుకుని ఉంది, తన అడుగులే మొదటివి. పెరటి తలుపు గడియకూ గోడకూ మధ్య సాలెగూడు అల్లుకుని ఉంది. గడియ తుప్పుపట్టి రాలేదు. బలంగా లాగి తెరిచాడు. పెరట్లోకి దిగే రాతిమెట్ల మీద పట్టుకోవడానికి ఏమీ లేదు. ఒక మెట్టు పక్కకు ఒరిగిపోయింది. ఆ మెట్లు దిగి, పెరడు దాటి వెళ్తే మరుగుదొడ్డి.

ఈ తలుపు తియ్యకుండా మరి ఆమె ఎలా వెళ్తోంది?

అతను ఇంటి చుట్టూ తిరిగి వచ్చాడు. పక్కన తాటాకుల దడి ఉంది. దానికి అడ్డంగా కట్టిన సరుగుడు వాసం నడుమెత్తున ఒక వైపు నుంచి ఇంకో వైపు దాకా నున్నగా అరిగి మెరుస్తోంది. చెయ్యి వేసి చూశాడు. అరచెయ్యి దానంతట అదే జారింది. తెల్లవారకముందు, ఎవరూ చూడకుండా, ఆ వాసం పట్టుకుని ఇంటి చుట్టూ తిరిగి ఆమె వెళ్లొస్తోంది. మళ్లీ వెళ్లాల్సిన పని పడకుండా రోజంతా నీళ్లు మానేసింది.

అతను గబగబా వసారాలోకి వచ్చాడు. వస్తూనే అనకూడని మాటే అన్నాడు. “రేపు పొద్దున్నే గూడూరు పోదాం చిన్నమ్మా. ఇంక నువ్విక్కడ ఒక్కదానివీ ఉండేది లేదు.”

పెంచలమ్మ మగతంతా వదిలి లేచి కూర్చుంది. “నేనేం చేసినానని? నీకు భారంగా ఉండానా? ఎవరినన్నా పైసా అడిగినానా? నన్ను మూటగట్టి తీసుకుపోతావా?”

“అది కాదు చిన్నమ్మా, పెరటి తలుపు…”

“నా తలుపు జోలి నీకెందుకు?” అని గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె వీపు చిన్న పిల్ల వీపులా ఉంది. కోదండపాణి నిరంజనయ్య గారి వైపు చూశాడు. ఆయన పక్షులను చూస్తున్నారు.

తెల్లవారుజామున చాప కదిలిన చప్పుడుకు అతను లేచాడు. పెంచలమ్మ గోడ పట్టుకుని వసారా దిగుతోంది. బయట మంచు గడప దాకా వచ్చి నిలబడి ఉంది. అతను ఏమీ అనకుండా వెళ్లి, దడికీ ఆమెకూ మధ్య చేరి, పక్కనే నడిచాడు. వాసం ఉండాల్సిన చోట ఆమె చేతికి అతని చెయ్యి తగిలింది. ఒక క్షణం తీసేసింది. తర్వాత పట్టుకుంది. ముఖం తిప్పి చూడలేదు. ఇద్దరూ ఆ తెల్లటి దాంట్లో అడుగు తీసి అడుగు వేస్తూ వెళ్లారు. ఇల్లు వెనక్కి మాయమైంది, పెరడు ఇంకా రాలేదు. నేల ఉన్నదని కాళ్లకు తప్ప కళ్లకు తెలియడం లేదు.

మరుగుదొడ్డి చేరాక ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అతను కాస్త దూరంలో నిలబడ్డాడు.

“ఉండావా అబ్బయా?” అని లోపల్నుంచి వినబడింది.

ఆ మాట కోదండపాణిది. చిన్నప్పుడు చీకటంటే భయపడి, ఇదే పెరట్లో, ఇదే తలుపు వెనకనుంచి ఊపిరికొకసారి, “ఉండావా చిన్నమ్మా?” అని అరిచేవాడు. ఆమె ఏనాడూ విసుక్కోలేదు. ఒక్కోసారి జవాబు ఆలస్యం చేసి, అతను ఏడుపు మొదలుపెట్టేలోగా పకపకా నవ్వేది.

“ఉండా చిన్నమ్మా,” అన్నాడు.

“పోబాక.”

“పోను. ఇక్కడే ఉండా.”

తిరిగి వచ్చి ఆమె వసారా మెట్టు మీద కూర్చుంది. చెంబు అందుకుంది. తల ఎత్తి, కళ్లు మూసుకుని, గొంతు కదులుతుండగా చెంబెడు నీళ్లూ తాగింది. గడ్డం మీదుగా జారిన నీళ్లు కూడా తుడుచుకోలేదు. మళ్లీ ముంచమని చెంబు చాపింది. అదీ తాగింది. అతను చూడలేక నీళ్ల వైపు తిరిగాడు. మంచులోంచి పక్షులు ఒక్కొక్కటే రంగు తెచ్చుకుంటున్నాయి.

చాలాసేపటికి పెంచలమ్మ, “మస్తానమ్మ పొద్దునా మాపునా వచ్చిపోతుందేమో కనుక్కో. వంటకు కాదు, నేను చేసుకుంటా. ఊరికే, పక్కన నడిచేదానికి,” అంది.

“సరే చిన్నమ్మా.”

“నేను చెప్పినానని చెప్పు. నువ్వు పెట్టినావని కాదు.”

“సరే.”

సూళ్లూరుపేట నుంచి డాక్టరు వచ్చి చూశాడు. ఒంట్లో నీళ్లు లేకే ఆ మగత అని చెప్పి, సెలైను పెట్టించాడు. మస్తానమ్మ వచ్చేసింది, పిలవడమే ఆలస్యం అన్నట్టు. వసారా పక్కనే ఒక చిన్న మరుగుదొడ్డి కట్టించారు. గోడల వెంట పట్టుకోవడానికి నున్నటి కొయ్య వేయించారు. కోదండపాణి నెలకోసారి భోజనానికి వెళ్లడం మానేసి, వారానికోసారి పడుకోవడానికి వెళ్లడం మొదలుపెట్టాడు. పెంచలమ్మ ముఖం తేరుకుంది. కోపం కూడా తేరుకుంది. కొయ్య వంకరగా వేశారని వడ్రంగిని వెనక్కి పిలిపించింది. వంట నేను చేసుకుంటానన్న మాట కొన్నాళ్లు నిలబెట్టుకుంది. తర్వాత మస్తానమ్మ చేత చేయించి, ఉప్పు తక్కువైందని తిట్టింది. ఇంకా తర్వాత తిట్టడానికీ ఓపిక లేకపోయింది. అప్పుడు మస్తానమ్మ రాత్రులు కూడా అక్కడే ఉంది. ఆ కొన్నేళ్లూ పెంచలమ్మ తన వసారా మీదనుంచి తన నీళ్లను చూసుకుంటూనే గడిపింది, ఒక చలికాలం తెల్లవారుజామున అక్కడే కన్నుమూసింది. కోదండపాణి పక్కనే ఉన్నాడు.

ఆ తర్వాత ఒకనాడు తోపులో అందరూ కూర్చుని ఉండగా, హైమావతి అని కొత్తగా వస్తున్న ఒకావిడ ఇదే మాట ఎత్తింది. వాళ్ల మామగారు కావలిలో ఒంటరిగా ఉంటున్నారు, ఎప్పుడడిగినా బాగున్నానంటారు. ఆవిడకు చెప్పమన్నట్టు నిరంజనయ్య గారు కోదండపాణి వైపు చూశారు.

అతను ఉత్సాహంగా మొదలుపెట్టాడు. “ముందు నీళ్లు తాగుతున్నారో లేదో చూడండమ్మా. వంటసామాను ఏ గదిలో ఉందో చూడండి. పెరటి తలుపు…”

హైమావతి శ్రద్ధగా వింటోంది. నిరంజనయ్య గారు మెల్లగా చెయ్యెత్తారు. గాలికి సరుగుడు ఆకులు నేల మీద రాలుతున్నాయి. అందరూ ఆయన వైపు తిరిగారు.

“ఆ గుర్తులు పెంచలమ్మగారివి,” అన్నారాయన. “నువ్వు వెళ్లమ్మా. వెళ్లి, మీ మామగారు నీకు మర్యాద చెయ్యడం మానేసేదాకా ఉండు.”