తోడుకెళ్ళిన గిన్నె

అన్యాయం జరిగింది ఎల్డాకి, 1983 జనవరిలో. తండ్రి పోయిన నెలకే, సొంత అన్న గీనో ఆమెను చర్చి ముందు ఊరందరూ వింటుండగా దొంగ అన్నాడు. ఎల్డా మన మనిషి కాదు. ఇటలీలో కొండల మీద ద్రాక్షతోట పెట్టుకుని, ఇంట్లోనే వైను చేసుకు బతికే కుటుంబంలో పుట్టింది. ఆడదాన్ని దొంగ అనడానికి ఏ దేశమైతేనేం, అందుకని ముందు ఆమె పేరూ ఆ నెలా ఇక్కడ రాసిపెడుతున్నాను. మిగతాది పేరిందేవి గారు చెప్పగా విన్నది.

పేరిందేవి గారు హరికథ చెప్పే మనిషి, ఉండేది తెనాలిలో. అడిగిన ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. ఎందుకండీ అంటే, "ఓసారేమైందంటే" అని మొదలుపెడతారు. శిష్యురాలు హైమకి ఈ అలవాటంటే ఒళ్ళుమంట. అయినా పక్కన కూచుని ఊఁ కొట్టక తప్పదు.

పోయినేడు విషజ్వరం వచ్చి తగ్గాక, ఆవిడ సొంతంగా కట్టుకున్న కథలో చివరి ఘట్టం ఆవిడ నోటికి రావడం మానేసింది. మాటలు పుస్తకంలో ఉన్నాయి. వాటి నడక, చిడతలు ఎక్కడ ఆపాలి, గొంతు ఎక్కడ దించాలి, అవి ఏ పుస్తకంలోనూ ఉండవు. హైమ పాఠం ఇంకా ఆ ఘట్టం దాకా రాలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున హైమ చెప్పులైనా సరిగా విప్పకుండా లోపలికొచ్చింది.

"చూశారా అమ్మగారూ, భ్రమర బెజవాడలో కథ పెట్టుకుంది. మన కథే. గోడల మీద కాగితాలంటించారు, మీ పేరెక్కడా లేదు."

భ్రమర ఆ కథంతా నేర్చుకున్న పాత శిష్యురాలు. ఎనిమిదేళ్ళ కిందట చెప్పకుండా వెళ్ళిపోయి సొంతంగా కథలు చెప్పుకుంటోంది.

"ఊఁ," అన్నారు పేరిందేవి గారు.

"ఊఁ ఏమిటండీ? కథ ఎత్తుకుపోయిన దొంగ అని ఆ రోజు మీరే అన్నారు గదా. ఇప్పుడు సభ కార్యదర్శికి మీరొక్క మాట చెబితే చాలు, ఆవిడ గజ్జె కట్టదు. ఫోను కలపమంటారా? మన సొత్తు మనం కాపాడుకోవద్దా?"

ఆవిడ ఫోను వైపు చూడలేదు. "ఓసారేమైందంటే," అన్నారు.

2017 జనవరిలో, జానపద కళల సభలకని ఆవిణ్ణి ఇటలీ పిలిచారు. సభలయ్యాక అతిథుల్ని వ్యానెక్కించి, కొండల్లో చిన్న కుటుంబాలు నడుపుకునే వైను ఇళ్ళు చూపించడానికి తీసుకెళ్ళారు. ఇంటికొక గ్లాసు మర్యాద. ఆవిడ తాగరు గనక, గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, బాగుందని తలూపి పక్కవాళ్ళకిచ్చేసేవారు. రెండో ఇంటికల్లా ఆవిడ పక్క సీటు కోసం వ్యానులో పోటీ మొదలైంది.

మూడో ఇల్లు గీనోది. అక్కడి పద్ధతి వేరు. కోసిన ద్రాక్షని చాపల మీద మూడు నెలలు ఆరబెడతారు. తర్వాత పిండి, రసం చిన్న పీపాల్లో పోసి, మూత బిగించి, పెంకుల కింద అటక మీద ఏడేళ్ళు వదిలేస్తారు. ఏడేళ్ళకి వైను తీసినా, పీపా అడుగున చిక్కటి మడ్డి మాత్రం ఉంచేస్తారు. కొత్త రసం దాని మీదే పోస్తారు. ఆ మడ్డిని వాళ్ళ భాషలో 'అమ్మ' అంటారు. గీనో ఇంటి అమ్మ అతని ముత్తాత నాటిది.

వీళ్ళు వెళ్ళేసరికి ఆ ఇంట్లో శవం లేచినట్టుంది. ఇంట్లో ఉన్న అయిదు పీపాలూ ఖాళీగా వసారాలో బోర్లించి ఉన్నాయి, కొత్తవాటిలాగా తళతళలాడుతూ. చూడవచ్చే జనం అటక మీద ముక్కు మూసుకుంటున్నారని, గీనో కొడుకు రెంజో ముందురోజు వాటిని సలసల కాగే నీళ్ళతో కడిగేశాడు. నూరేళ్ళ పైబడిన అమ్మ తూములోంచి పోయింది. ఎవరి ముక్కుల కోసం కడిగాడో ఆ ముక్కులే ఇప్పుడు వ్యానులోంచి దిగాయి. చాపల మీద ద్రాక్షేమో పిండే వేళకొచ్చేసింది. ఇంకో వారం ఆగితే బూజు పడుతుంది.

"కొట్లో పొడి దొరుకుతుంది నాన్నా, అది కలిపితే పులుస్తుంది," అన్నాడు రెంజో.

"దొరుకుతుంది. కొట్లో నాన్న కూడా దొరుకుతాడేమో అడుగు. పాతవాణ్ణి కడిగి పారబోద్దువుగాని," అన్నాడు గీనో. ఆయనకప్పటికి డెబ్భై దాటాయి.

పేరిందేవి గారు దుబాసీ పిల్లని పిలిచి గొడవేమిటని అడిగారు. ఆ పిల్లది ఏలూరు, అక్కడే చదువుకుంటోంది. విషయం విని ఆవిడకి ఆశ్చర్యమేసింది.

"తోడు గిన్నె కడిగేశారన్నమాట. దానికింత ఏడుపెందుకు? పక్కింటికి గిన్నె పంపమను."

ఆ పిల్ల ఉన్నదున్నట్టు ఇటలీ మాటల్లో చెప్పేసింది. రెంజో తలెత్తి ఎదురు కొండ మీద పొగ లేస్తున్న ఇంటి వైపు చూశాడు. గీనో మాత్రం అటు చూడలేదు. చూడకుండా ఉండటం ఆయనకి బాగా అలవాటైపోయింది.

ఆ పొగ ఎల్డాది. తండ్రి పోయాక ఇల్లు, తోట, అటక, పీపాలు అన్నీ గీనోకొచ్చాయి. ఎల్డా అత్తారింటికి పోతూ ఆ పీపాలోంచి గరిటెడు మడ్డి గాజుసీసాలో పోసుకుని కోటు కింద పెట్టుకుపోయింది. అన్నకి ఒక్క చుక్క వైను తగ్గలేదు. అయినా అంతా తీసుకున్నవాడు వారసుడయ్యాడు, గరిటెడు తీసుకున్నది దొంగ అయింది. ఈ లెక్క కట్టినవాళ్ళకి ఏ దేశంలోనూ కొదవ లేదు. ఆ నాటినుంచి కొండకీ కొండకీ మధ్య మాటల్లేవు.

చివరికి గీనోయే లేచాడు. వంటింట్లోకి వెళ్ళి మూతగిన్నె ఒకటి తెచ్చాడు. ఒక్కడే వెళ్ళడానికి మొహం చెల్లక, పట్టుచీర కట్టుకున్న ఈవిణ్ణీ దుబాసీ పిల్లనీ కూడా రమ్మన్నాడు. పరాయిదేశపు ముసలావిడ పక్కనుంటే చెల్లెలు కుక్కని ఉసిగొల్పదని ఆయన ధైర్యం.

ఎల్డా తీగలు కత్తిరిస్తోంది. కత్తెర చేతిలో ఉండగానే వాకిట్లోకి వచ్చింది. అన్ననీ, గిన్నెనీ, పేరిందేవి గారి ముక్కుపుడకనీ వరసగా చూసింది.

"దొంగ ఇంటికి దారి మర్చిపోలేదే," అంది.

"పిల్లాడు పీపాలు కడిగేశాడు," అన్నాడు గీనో.

"మంచి పని చేశాడు. ఇల్లు కూడా కడగమను."

"తోడు కావాలి, ఎల్డా."

"ఎవరిది?"

గీనోకి బోధపడలేదు.

"నాన్నదా, నాదా? నాన్నదైతే నా దగ్గర లేదు. అదంతా నీకే చెందిందని ఊరందరికీ చెప్పావుగా. ఇన్నేళ్ళూ ఎండకీ చలికీ నేను కాచుకున్నది వేరే ఉంది. అది కావాలంటే, నాదని అడుగు."

దుబాసీ పిల్ల ఈ మాటల్ని తెలుగులో చెప్పి ముగించింది. గీనో మూత తీసి గిన్నె ముందుకు చాపాడు.

"నీదే కావాలి," అన్నాడు.

ఎల్డా కత్తెర గట్టు మీద పెట్టి, గిన్నె తీసుకుని అటకెక్కింది. దిగి వచ్చేసరికి గిన్నె అంచుదాకా నిండి ఉంది.

"పీపా మీద తేదీ వేస్తావుగా, పక్కన నా పేరూ వెయ్యి. చూడ్డానికి ఎవరొచ్చినా చదివి వినిపించు," అంది.

ఇక్కడ పేరిందేవి గారు ఆగి మంచినీళ్ళు తాగారు. హైమకి కథ సగంలో ఉన్నట్టనిపించింది.

"మరి ఆయన తప్పయిందని అడిగాడా?"

"నేనున్నంతసేపూ అడగలేదు."

"అడక్కపోతే ఇంకేం లాభం?"

"మేము వ్యానెక్కేలోపు పీపాల మీద సుద్దతో రాశాడు. ఆ పిల్ల చదివి చెప్పింది. 'ఎల్డా అమ్మ, 21 జనవరి 2017.' అయిదింటి మీదా రాశాడు."

"ఆ వైను బాగా వచ్చిందా మరి?"

"మూత తీసేదాకా ఎవరికి తెలుస్తుందే?"

హైమ ఫోను ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది. తేలేదాకా లేచే రకం కాదు. "ఇంతకీ కార్యదర్శికి ఫోను చెయ్యమంటారా, వద్దా?" అంది.

"చెయ్యి," అన్నారు పేరిందేవి గారు. హైమ మొహం వెలిగింది. "చేసి, భ్రమర చివరి ఘట్టం పూర్తిగా చెబుతుందేమో కనుక్కో. కథ ఎన్నో తారీకన్నావు?"

హైమ ఫోను ఒళ్ళో పెట్టేసుకుంది. "మార్చి పద్నాలుగు," అంది, ఇంకెవరి గొంతుతోనో.

"రాసిపెట్టు. గిన్నె పట్టుకుని నేనే వెళ్తాను."