తాడు పట్టుకున్న దర్బారు

తుఫాను వెలిశాక నందికేతు మహారాజుకు ఒక ముచ్చట పుట్టింది. దెబ్బతిన్న మొగపాలెం రేవును ఎలా బాగుచేయాలో ఆ రేవు జనాన్నే అడగాలి. వాళ్లేమంటే అదే చేయాలి.

"చిత్తం ప్రభూ" అంది సభ. అందరికంటే గట్టిగా అన్నవాడు ఆస్థాన చమత్కారి పేరయ్య. అతని కొలువు నిలబడిందే ఆ మాట మీద. చమత్కారాలు ఏనాడో నిండుకున్నాయి. పాతవే అటు తిప్పి ఇటు తిప్పి వడ్డిస్తున్నాడు. ఆ సంగతి అతనికీ తెలుసు.

మంత్రి వాచస్పతి పల్లకీలో వెళ్లి, ఓ ఉపన్యాసం దంచి, సాయంత్రానికల్లా తిరిగొచ్చాడు.

"ప్రభూ! రేవు ఒడ్డున తమ పేర రాతి మండపం కట్టాలని జనం కోరిక. 'కట్టమంటారా' అనడమే ఆలస్యం, అందరూ 'చిత్తం' అన్నారు. ఒక్కరు కాదంటే ఒట్టు!"

పేరయ్యకు మనసు ఒప్పలేదు. పడవలు పోయి రేవులో పొయ్యి వెలగడం లేదని, చేపలమ్మే మనిషి పొద్దున్నే తన గుమ్మంలో కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ జనం మండపం అడుగుతారా? ఆపుకుందామనుకునేలోపే నోరు జారింది.

"ప్రభూ, చిత్తం అన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. నేను పొద్దస్తమానం అంటూనే ఉంటాను. ఒప్పుకుని అన్నది ఒక్కసారీ లేదు."

రాజు కనుబొమ్మలు పైకి లేచాయి.

"అలాగా! అయితే వెళ్లి వాళ్లచేత ఇంకో మాట పలికించు. అదే చేస్తాను. పలికించలేకపోతే మండపం లేస్తుంది, నీ కొలువు ఊడుతుంది."

"చిత్తం ప్రభూ" అన్నాడు పేరయ్య, అలవాటు కొద్దీ.

మర్నాడు రేవులో జనాన్ని పోగేసి, తన దగ్గరున్న వాటిలో మేలైన చమత్కారం విసిరాడు. ఎవరూ నవ్వలేదు.

"బాగుందా?"

"సిత్తం బాబూ."

"బాగాలేదా?"

"సిత్తం బాబూ."

అద్దంలో తనను తాను చూసుకున్నట్టయింది పేరయ్యకు. ఇన్నేళ్లూ రాజుగారికి తానిచ్చిన సలహా ఇదేనా అని సిగ్గేసింది.

జనం వంగి దండం పెట్టి పనిలోకి పోయారు. తుఫాను ఎత్తి కుదేసిన పెద్ద పడవ ఒకటి ఇసుకలో కూరుకుపోయి ఉంది. దానికి మోకు కట్టి లాగుతున్నారు. దిగులుగా చూస్తూ పేరయ్య మోకుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఓయ్ బొజ్జయ్యా! దిష్టిబొమ్మలాగ నిలబడిపోనావేటి? తాడట్టుకో!"

కేకేసింది నూకాలు. ఇందాక అందరికంటే కిందికి వంగి దండం పెట్టిన మనిషి!

పేరయ్య గబుక్కున తాడు పట్టుకున్నాడు. "అన్నం తిన్నావా, గాలి తిన్నావా? గట్టిగా తాడు నాగు!" అని పక్కనుంచి మరొకడు. జన్మలో ఇన్ని తిట్లు తినలేదు, ఇంత సంతోషమూ పడలేదు.

రేవు పెద్ద పోలయ్య తరవాత నొచ్చుకున్నాడు. "ఏటీ అనుకోకండి బాబూ. తాడట్టుకున్నాక పెద్దా సిన్నా నేదు, మా కట్టుబాటది. మొగమాట పడితే పడవ కదలదు."

పేరయ్య ఒక్క పరుగున కోటకు వెళ్లాడు. "ప్రభూ, రేపు దర్బారు రేవులో పెట్టండి. సింహాసనం అక్కర్లేదు. తమరూ మంత్రిగారూ పంచె ఎగ్గట్టి వస్తే చాలు."

రాజుకు ఇదేదో సరదాగా తోచింది. తెల్లవారేసరికి తాడు ముందు రాజు, వెనక వాచస్పతి, ఆ వెనక పేరయ్య.

"ఓ కిరీటం బాబూ! కాలు దన్నీసి నాగు! తాడు నిమురుతావేటి?" అంది నూకాలు.

భటుడి చేయి కత్తి మీదికి పోయింది. రాజు కళ్లతోనే ఆపి, కాలు తన్నిపెట్టి లాగాడు. పడవ జానెడు కదిలింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"దీన్ని ఎక్కడిదాకా లాగాలి?" అన్నాడు రొప్పుతూ.

"అదిగో, మీ మండపానికి ముగ్గు పోసినారు కదా, అక్కడికే. పడవలు ఒడ్డెక్కేదీ, నీళ్లలో దిగేదీ అక్కడే. రాళ్లు పేర్చీసినాక పడవలు మీ మేడమీదికి ఎక్కించాలేటి?" అంది నూకాలు.

"మండపం వండుకు తింతామా?" అన్నాడు పోలయ్య. "కలప ఇప్పించు, వడ్రంగుల్ని పంపించు. సేపల ఏట మొదలయ్యేలోగా పడవలు నీళ్లలో పడాల. మరేటీ వద్దు."

తాడు పొడుగునా అందరూ అందుకున్నారు. వాచస్పతి ఉడికిపోయాడు.

"మొన్న నేనడిగితే అందరూ చిత్తమన్నారు కదే!"

నూకాలు తాడు వదలకుండానే వెనక్కి తిరిగి చూసింది.

"మొన్న నీ సేతిలో తాడు నేదు కద బాబూ!"

రాజు పడీపడీ నవ్వాడు. ఆ నవ్వుకు జనం నవ్వూ కలిసి, అదే ఊపున పడవ జారి నీళ్లలో పడింది. రాజు తాడు వదిలేసి చేతులు దులుపుకున్నాడు.

"అయితే మీకు కావలసింది కలపా, వడ్రంగులూ. అంతేనా?"

జనమంతా వంగారు. "సిత్తం మారాజా."

రాజు తల కొట్టుకుని మళ్లీ తాడు అందుకున్నాడు. "ఇప్పుడు చెప్పండి!"

"అంతే! బేగి పంపించు!" అన్నారంతా.

మండపం అక్కడికక్కడే రద్దయింది. దాని పరంజాకని తెచ్చిన కలప పడవలకు దక్కింది. పనివాళ్లను తోలుకొచ్చే బాధ్యత వాచస్పతి మీద పడింది. రాజు తన మెడలోని ముత్యాలహారం తీసి పేరయ్య మెడలో వేశాడు. రెండో చేతిలో తాడు ఇంకా అలాగే ఉంది.

"పేరయ్యా, తాడు పట్టుకునే చెబుతున్నాను. నీ చమత్కారాలకు నాకు నవ్వొచ్చి ఏళ్లయింది. నువ్వు నొచ్చుకుంటావని నవ్వుతున్నాను."

రేవంతా గొల్లున నవ్వింది. పేరయ్య హారం సర్దుకుని, నడుం దాకా వంగాడు. ఈసారి మనస్ఫూర్తిగా అన్నాడు.

"చిత్తం ప్రభూ!"