వద్దన్న కుక్క

అనగా అనగా, ఏరు దాటితే కొండ, కొండ దాటితే కోట, ఆ కోటలో ఒక రాజు. ఆ రాజుకి లేకలేక పుట్టిన ఒక్కగానొక్క కూతురు కువలయ. ఒకనాడు ధూమకేతుడనే మాంత్రికుడు వచ్చి ఆమెను పెళ్లాడతానన్నాడు.

"నీ ముఖం చూస్తూ బతకలేను," అంది కువలయ.

"అయితే ఏ ముఖమూ చూడకుండానే బతుకు," అని వాడు చెయ్యి విసిరాడు. ఆమెకి లోకమంతా చీకటైపోయింది. ఆ చూపు పట్టుకుని వాడు ఏడు సముద్రాల అవతలికి పోయాడు.

చూపు తెచ్చినవాడికే నా కూతుర్నిస్తానని రాజు చాటింపు వేయించాడు. ముగ్గురు రాజకుమారులు బయల్దేరారు. మొదటివాడు మూడో సముద్రంలో మునిగిపోయాడు. రెండోవాడు అయిదో సముద్రం చూసి, దడుసుకుని, తన ఊరికే తిరిగిపోయాడు. మూడోవాడైన ప్రతీపుడి కబురే లేదు.

కువలయ మంచం దిగడం మానేసింది. దిగితే చాలు, ఇద్దరు దాసీలు నిండుకుండని మోసినట్టు చెరో రెక్కా పట్టుకునేవాళ్లు. అన్నం పెడితే చెయ్యి కంచం దాటి నేల మీద పడేది. ఆ సిగ్గుతో తిండి కూడా తగ్గించేసింది. ఆమె ఏమన్నా అందరూ సరేనమ్మా, సరేనమ్మా అనేవాళ్లు.

అప్పుడు కొండమీది నుంచి బయ్యమ్మ అనే మేకలు కాసే ముసలమ్మ ఒక నల్లకుక్కని తోలుకొచ్చింది.

"నా మొగుడు కళ్లు లేనోడు తల్లీ. ఒక కుక్కని పక్కన పెట్టుకుని పన్నెండేళ్లు కొండమీద తిరిగాడు. ఆ కుక్క కూతురే ఇది. కర్రి దీని పేరు."

కుక్క వీపుకి కట్టిన కొయ్యపిడిని ముసలమ్మ ఆమె చేతికిచ్చింది.

"ఎటు పోవాలో నువ్వు చెప్పు. దారిలో ఏముందో అది చూసుకుంటది. పిడి పట్టుకున్నంతసేపూ దాన్నెవరూ ముద్దు చెయ్యకూడదు, పనిలో ఉంటది. పిడి తీశావా, మామూలు కుక్కే. నీ చెప్పులు కొరుకుద్ది."

మిగతా కథల్లో కుక్కలు మాట్లాడతాయి. ఈ కుక్క మాట్లాడలేదు. మెట్టొస్తే ఆగేది. ఆమె కాలితో తడిమి చూసుకున్నాక కదిలేది. బండి వస్తుంటే పక్కకి లాగేది. తన తలకి తగలని కొమ్మైనా ఆమె తలకి తగులుతుందని చుట్టు తిప్పి తీసుకుపోయేది. మొదటి నెల పెరటిదాకా, రెండో నెల గుర్రపుశాలదాకా, మూడో నెల అంగడివీధిదాకా వెళ్లారు. అయినా దుఃఖం తీరిందా? అంగట్లో మల్లెల వాసన తగిలేది, వాటి తెలుపు మాత్రం గుర్తొచ్చేది కాదు. ఇంటికొచ్చి ఏడ్చేది. ప్రతీపుడొస్తాడన్న ఆశొక్కటే ఆమెని నిలబెట్టింది.

ప్రతీపుడు వచ్చాడు. నిండుసభలో తలవంచి చెప్పాడు.

"మాంత్రికుడు చచ్చాడు. వాడి ప్రాణం చిలకలో ఉందని ఒక తాబేలు చెప్పింది. చిలక మెడ నులిమాను. వాడు కూలిపోయాడు."

"నా చూపు?" అంది కువలయ.

"అదీ ఆ చిలకలోనే దాచాడట. చచ్చేముందు చెప్పి నవ్వాడు. నాకు ముందు తెలీదు."

రాజు ఘొల్లుమన్నాడు. కువలయ ఏడవలేదు. పిడి అందుకుని "నడు" అంది. ఎటో చెప్పలేదు. చెప్పడానికి ఆమెకి ఏ చోటూ తోచలేదు.

తొమ్మిది రోజులుగా వానలు. ఏరు పొంగి హోరెత్తుతోంది. కొండ దాటి, ఏటిమీది కర్రవంతెన సగం దాకా వచ్చి కర్రి ఆగిపోయింది.

"నడు."

కదల్లేదు. పిడి పట్టి గుంజింది. చేత్తో కొట్టింది. కుక్క ఆమె మోకాళ్లకి అడ్డంగా తిరిగి, ఒళ్లంతా ఆనించి నిలబడింది.

"నువ్వు కూడా నా మాట వినవా?" అని అక్కడే కూలబడింది. కుక్కని దాటి చెయ్యి చాపింది. ఒక చెక్క తగిలింది. ఇంకో చెక్క తగిలింది. ఆ తర్వాత ఏమీ లేదు. కిందినించి నీటితుంపర వచ్చి అరచేతికి కొట్టింది.

ఊళ్లో అందరూ ఆమె ఏమన్నా సరేనన్నారు. వద్దన్నది ఇదొక్కటే. తడిచెక్కల మీద పడి, కుక్క మెడ కౌగిలించుకుని, గొంతు పోయేదాకా ఏడ్చింది. తర్వాత "ఇంటికి" అంది.

ఒడ్డున, వెనకే వచ్చిన ప్రతీపుడు నిలబడి ఉన్నాడు. "పిలిస్తే బెదురుతారని నోరు మూసుకున్నాను," అన్నాడు.

"నా ముఖమెలా ఉంది?"

"బురద. కళ్లు వాచిపోయి ఉన్నాయి."

అబద్ధం చెప్పలేదని ఆమెకి కొంచెం ఊపిరాడింది.

ఏడాది తర్వాత వాళ్ల పెళ్లయింది. పందిట్లోకి కుక్కేమిటని పురోహితుడు గొణిగాడు. "ఏడడుగులూ వెయ్యాల్సింది నేనే కదా అయ్యవారూ," అంది కువలయ. ప్రతీపుడు ఓ పక్క, కర్రి ఓ పక్క నడవగా వేసింది. రాజు వాళ్లకి పట్టం కట్టి పక్కకి తప్పుకున్నాడు.

చూపు మాత్రం రాలేదు. రాణి అయ్యాక కూడా కొన్ని పొద్దుటిపూటలు ఆమెకి లేవబుద్ధి పుట్టేది కాదు. ఎందుకు లేవాలో తెలిసేది కాదు. అప్పుడు కర్రి, కర్రి పోయాక దాని కూతురు, మంచం పక్కకొచ్చి నిలబడేది. అది బయటికి పోవాలి, తలుపు ఆమే తియ్యాలి. లేచేది.

అట్లా లేచి లేచి, నలభయ్యేళ్లు రాజ్యమేలింది.