కనుమ దారిలో చలివేంద్రం

ఎర్రమల కొండల కింద ఓబులదాసు ఆశ్రమంలో మద్దిలేటి అనే శిష్యుడు ఉండేవాడు. కనుమ దారిలో చలివేంద్రం పెట్టాలని అతని కోరిక. ఉత్త కోరిక కాదు, దిగులు. అతని తల్లి అడవిలో కట్టెలు కొట్టి, మోపు నెత్తిన పెట్టుకుని ఆ దారినే వచ్చేది. ఒక మండువేసవిలో దాహంతో అక్కడే పడిపోయింది. మద్దిలేటి నీళ్ళు తీసుకుని చేరేసరికి ఆమెకు మింగే శక్తి లేదు.

అప్పటినుంచీ ఆ దారిన పోయేవాళ్ళకు తన చేత్తో నీళ్ళు పొయ్యాలని ప్రాణం కొట్టుకునేది. పొయ్యొచ్చుగా! ఊహూఁ, పనంటే పద్ధతిగా ఉండాలంటాడు. ఆశ్రమం గోడంతా బొగ్గుతో గీసేశాడు. పందిరి ఏ ముఖాన వెయ్యాలి, బావి ఎక్కడ తవ్వాలి, కానుగ చెట్లు ఎటు నాటాలి, తన తర్వాత ఎవరు నడపాలి. గీసింది చెరపడం, మళ్ళీ గీయడం. వేసవులు మాత్రం వచ్చి పోతూనే ఉన్నాయి.

ఒకరోజు గురువును గోడ దగ్గరికి పిలుచుకొచ్చాడు.

"సామీ, అన్నీ కుదిరాయి. మధ్యాహ్నం పందిరి నీడ ఎటు పడుతుందో అదొక్కటే తేలలేదు. ఈ ఏడు చూసుకుని వచ్చే ఏడు మొదలుపెడతా."

ఓబులదాసు గోడను ఓపిగ్గా చూశాడు. "బాగుంది నాయనా" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు. తర్వాత ఒక నీళ్ళకడవ తెచ్చి శిష్యుడి భుజాన పెట్టి, తానొక ముంత పట్టుకుని కనుమ వైపు నడిచాడు.

ఎండ మాడ్చేస్తోంది. ఇద్దరూ దారి పక్కన కూర్చున్నారు. కట్టెల మోపు మోసుకుంటూ ఒక పెద్దామె వచ్చింది. కడవ వైపు ఆశగా చూసింది. చూసి, ఆగకుండా సాగిపోయింది.

మద్దిలేటి ముంతలో నీళ్ళు ముంచుకుని వెంట పరుగెత్తాడు. "అమ్మా, మంచినీళ్ళే! తాగి పో."

"దప్పికతో చచ్చేట్టుండా నాయనా" అందామె నడుస్తూనే. "మోపు దించితే మళ్ళా ఎత్తేదెవురు? నా ఒక్కదానితో అయ్యే పనా?"

కట్టెలమ్మిన తల్లి కడుపున పుట్టి కూడా మద్దిలేటికి ఆ సంగతి తోచలేదు చూడండి!

గబగబా మోపు దించాడు. ఆమె దోసిలి పట్టింది. ముంతతో పోస్తుంటే గటగటా తాగింది, మొహాన ఇంత చల్లుకుంది. "నా తండ్రే, సల్లగుండు" అంది. మద్దిలేటికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే మోపు ఎత్తి ఆమె నెత్తిన సర్దాడు. ఆమె మలుపు తిరిగేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు.

"సామీ, ఆ గోడ చెరిపేస్తా" అన్నాడు.

"ఎందుకు చెరపడం? పందిరీ వేద్దాం, బావీ తవ్విద్దాం. ఎక్కడ, ఎట్లా అన్నది తాగేవాళ్ళే చెప్తారులే" అన్నాడు ఓబులదాసు. "ముందు కళ్ళు తుడుచుకో. అదిగో, ఇంకో తల్లి వస్తోంది. ఎదురుపో."