మాట పడిపోయిన మెషిను

పానకాలు మాస్టారిని చిక్కు ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులు తొడుక్కుంటారు. తెనాలిలో ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ అలవాటు తెలుసు. అందుకే ఎండాకాలంలో ఎవరూ పెద్ద ప్రశ్నల జోలికి పోరు. సాకేత్ మాత్రం నడి వైశాఖంలో, అదీ బయట తారు కరుగుతున్న వేళ అడిగాడు.

అడగక తప్పని పరిస్థితి వచ్చింది మరి. వెన్నెల అనే ఆపరేటింగ్ సిస్టం ఒకటి ఉంది. కంప్యూటరును నిద్రలేపి పనిలో పెట్టే సాఫ్ట్‌వేరు అది, తెలుగువాళ్ళ కోసం తెలుగులోనే తయారైంది. తయారుచేసిన కంపెనీ లాభం లేదని ఏనాడో చేతులు దులుపుకుంది. అక్కడ ఉద్యోగం చేసిన మాస్టారు మాత్రం దులుపుకోలేక, నలుగురు శిష్యులను చేరదీసి దాన్ని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చారు. ఆ శిష్యులు కూడా ఒక్కొక్కరే సంసారాల్లో, ఉద్యోగాల్లో పడి జారుకున్నారు. ఇప్పుడు మిగిలింది సాకేత్ ఒక్కడు. ఒకచోట అతుకు వేస్తే ఇంకోచోట ఊడుతోంది, చెయ్యాల్సిన పని కొండంత పేరుకుపోయింది.

సాకేత్ తెలివైనవాడు, పైగా న్యాయం తెలిసినవాడు. తన ఇష్టం ఎవరి మీదా రుద్దకూడదని ఓటింగు పెట్టాడు. వెన్నెల వాడేవాళ్ళు లోపలికి రాగానే ఒక పేజీ కనబడుతుంది. ఏ పని ముందు కావాలో అందులో నొక్కాలి. ఎక్కువమంది అడిగింది ముందు, ఎవరూ అడగనిది చివర. కిందటి వానాకాలంలో ఇలాగే ఓట్లు చూసి, పేరు అడిగే మొదటి తెర మీద సూర్యోదయం బొమ్మ పెట్టాడు. బరువు తగ్గాలని ఎవరూ అడగని పాత సరంజామా కొంత పీకేశాడు. దానికి వచ్చిన మెచ్చుకోళ్ళను ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చదువుకుంటూనే ఉంటాడు.

"మాస్టారూ, ఈసారి అందరూ కొత్త బ్రౌజరు అడిగారు. చూపు లేనివాళ్ళకి తెర మీదది చదివి వినిపించే భాగం ఉంది చూడండి, దానికి ఒక్క ఓటు కూడా పడలేదు. మొదటి తెర దగ్గర కిందటి వానాకాలంలోనే తీసేశాను. మిగతాది కూడా తీసేస్తే నాకు చాలా పని తప్పుతుంది. ఏది ముందు పెట్టుకోమంటారు, ఏది వదిలెయ్యమంటారు?" అని అడిగాడు.

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు. "చూడామణి గారి దగ్గర్నుంచి పాటలు రావడం మానేశాయి. పద, ఒకసారి చూసొద్దాం" అన్నారు.

ఇద్దరూ రేపల్లె పాసింజరు ఎక్కారు. చూడామణి గారు అక్కడ సంగీతం చెప్పి రిటైరైన పంతులమ్మ అని, పుట్టుకతోనే చూపు లేదని దారిలో మాస్టారు చెప్పారు. ఆవిడ తల్లి పెళ్ళిపాటలు, మంగళహారతులు సొంతంగా కట్టేదట. తల్లికి రాయడం రాదు, కూతురికి చూపు లేదు. అందుకని ఆ పాటలన్నీ చూడామణి గారి నోట్లోనే ఉండిపోయాయి. వెన్నెల వచ్చాక ఆవిడ వాటిని పాడుకుంటూ టైపు చెయ్యడం మొదలుపెట్టి, ఒక్కో పాట పూర్తవగానే మాస్టారికి పంపేవారు.

ఇంట్లో కంప్యూటరు మీద ఊరగాయ జాడీలకు కట్టే వాసెనగుడ్డలు ఉతికి మడతపెట్టి ఉన్నాయి.

"మీ మెషినుకేమైందమ్మా?" అన్నారు మాస్టారు.

"ఏమవుతుంది మాస్టారూ, నాలాగే దానికీ వయసైపోయింది. కిందటి వానల్లో మాట పడిపోయింది. కంపెనీయే వదిలేసిందాన్ని పట్టుకుని మిమ్మల్నేం ఇబ్బంది పెడతాను?"

సాకేత్ గుడ్డలు తీసి పక్కన పెట్టి స్విచ్చి వేశాడు. తెర మీద సూర్యోదయమైంది. మెషినుకేమీ కాలేదు. పేరు రాయమని అడుగుతోంది, కాకపోతే చూపించి అడుగుతోంది. చూడామణి గారు చెవి అటు వొగ్గి కాసేపు కూర్చుని, "చూశావా నాయనా, పలకదు" అన్నారు.

సాకేత్‌కి అప్పుడర్థమైంది. ఇక్కడ మాట తీసేసింది తనే. తీసేసిన సంగతి ఆవిడకి తెలిసే దారి కూడా లేదు. అయినా చివరి ఆశగా, "అంతకుముందు మీకు ఓటింగు పేజీ వచ్చుండాలే అమ్మా?" అన్నాడు.

"ఏదో పేజీ వచ్చేది నాయనా. తెరిస్తే బొమ్మ, బొమ్మ, బొమ్మ అని చదివేది. నాకెందుకులే అని మూసేసేదాన్ని."

ఓటింగు పేజీలో అక్షరాలకి బదులు పెట్టిన ఆ బొమ్మలు అతనే ముచ్చటపడి గీసుకున్నవి. వెంటనే సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, పీకేసిన భాగం వెతికి, మళ్ళీ ఎక్కించాడు. మాస్టారు గ్లాసు మజ్జిగ తాగేలోపల అయిపోయింది. అంత చిన్న పనికి ఇన్ని నెలలు ఒక మనిషి నోరు కట్టేశానని తలుచుకుంటే అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"నమస్కారం. మీ పేరు రాయండి" అంది మెషిను.

"వచ్చావుటే తల్లీ!" అంటూ చూడామణి గారు చిన్నపిల్లలా నవ్వారు. గబగబా కుర్చీ లాక్కుని ఆఖరిసారి టైపు చేసిన పాట తెరిచారు. వియ్యపురాలిని ఆటపట్టించే పెళ్ళిపాట అది. మెషిను ఎత్తుపల్లాలు లేని గొంతుతో రెండు చరణాలు చదివి, మూడోది సగంలో ఆగింది. ఆవిడ వేళ్ళు మీటల మీద పెట్టుకుని అక్కణ్ణుంచి అందుకోబోయారు. అందలేదు. పల్లవి నుంచి మళ్ళీ పాడుకుంటూ వచ్చి అక్కడే ఆగారు. ఇంకోసారి మొదలుపెట్టి, మధ్యలోనే మానేశారు.

"రోజూ రాస్తున్నన్నాళ్ళూ ఒక పాట ఇంకో పాటని లాక్కొచ్చేది. ఇప్పుడు అమ్మ గొంతు వినబడుతోంది గానీ మాటలు తెలియడం లేదు."

"ఇంకా ఎన్ని పాటలున్నాయమ్మా?" అన్నాడు సాకేత్.

"ఎన్నుండేవో కూడా జ్ఞాపకం లేదు నాయనా. పోనీలే, నువ్వెందుకలా అయిపోతావు? దానికి వయసైంది, నువ్వేం చేస్తావు?"

"వయసు కాదమ్మా. నేనే తీసేశాను. ఎవరికీ అక్కర్లేదనుకున్నాను."

చూడామణి గారు చేతులు మీటల మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత, "అలాగా" అన్నారు. ఇంకాసేపటికి, "నువ్వు మజ్జిగ తాగినట్టు లేదు. తాగు, ఎండన పడి వచ్చావు" అన్నారు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని సాకేత్ అనుకున్నాడు. మజ్జిగ గ్లాసు చేతిలోనే పట్టుకు కూర్చున్నాడు.

స్టేషన్లో బల్ల మీద కూర్చున్నాక, "ఆవిడ ఒక్క ఫోను చేసి ఉంటే ఎంత బాగుండేది" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

"నేనూ అదే అనుకుంటున్నాను" అన్నారు మాస్టారు. "ఆవిడ కాదు, నేను. పాటలు ఆగిపోయాయని తెలుస్తూనే ఉంది. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకున్నాను."

పట్టాల మీద ఎండ మిలమిలలాడుతోంది. బండి కూత దూరంగా వినబడ్డాక సాకేత్ నిశ్చయానికొచ్చినవాడిలా లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఇకమీదట చదివి వినిపించే భాగమే అన్నిటికన్నా ముందు. బ్రౌజరు తర్వాత చూస్తాను. పాత ప్రింటర్ల పని పూర్తిగా ఆపేస్తాను, వాటి గురించి ఎవరూ అడగడం లేదు."

మాస్టారు చెప్పుల్లో కాళ్ళు దూర్చుకున్నారు.

"అలాగే చెయ్యి. చేశాక, ఈసారి ఎవరింట్లో మాట పడిపోయిందో కనుక్కుని రా."